వర్డ్‌ప్రెస్ అడిగే ఆ పాస్‌వర్డ్ ఎవరిది?

సొంతంగా సర్వర్ తీసుకుని వర్డ్‌ప్రెస్ పెట్టినవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఫారం ఎదురవుతుంది. ప్లగిన్ నచ్చింది, "ఇన్‌స్టాల్ నౌ" నొక్కాం. ప్లగిన్ రావాల్సిన చోట ఒక పెట్టె తెరుచుకుంటుంది. మీరు అడిగిన పని చెయ్యాలంటే నాకు మీ వెబ్ సర్వర్‌లోకి ప్రవేశం కావాలి, మీ ఎఫ్‌టీపీ వివరాలు ఇవ్వండి, గుర్తు లేకపోతే మీ హోస్టింగ్ వాళ్ళని అడగండి అని దాని సారాంశం. కింద హోస్ట్‌నేమ్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అని మూడు గళ్ళు ఉంటాయి.

అప్పుడు మనం ఏం చేస్తాం? తెలిసిన పాస్‌వర్డ్‌లన్నీ వరసగా కొట్టి చూస్తాం. వర్డ్‌ప్రెస్ అడ్మిన్ పాస్‌వర్డ్, హోస్టింగ్ అకౌంట్‌ది, డేటాబేస్‌ది, ఆఖరికి జీమెయిల్‌ది కూడా. ఏదీ పనిచెయ్యదు. తర్వాత ఎవరో ఒకరు "అన్నిటికీ 777 పెట్టెయ్ మామా, పోతుంది" అంటారు. అది పెట్టినా పోదు. ఎందుకు పోదో తెలిస్తే అసలు ఈ ఫారం ఎందుకొస్తుందో కూడా తెలిసిపోతుంది. ఈ వ్యాసం అంతా ఆ ఒక్క "ఎందుకు" గురించే.

మొదలుపెట్టే ముందు చిన్న మాట. ఇక్కడ అన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను కాబట్టి కమాండ్లను పలికినట్టే రాశాను. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

అద్దె ఇంట్లో మేకు

అద్దె ఇల్లు అందరికీ తెలుసు. ఇంట్లో ఉండేది మనమే, వండుకునేది మనమే, లైట్లు వేసేది ఆర్పేది మనమే. కానీ గోడకి ఒక్క మేకు కొట్టాలంటే ఓనర్‌ని అడగాలి. ఉండటం వేరు, సొంతం కావడం వేరు.

లైనక్స్ సర్వర్‌లో కూడా ఇంతే. ప్రతి ఫైల్‌కీ ఒక ఓనర్ ఉంటాడు. నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్ కూడా ఎవరో ఒక యూజర్ పేరు మీద నడుస్తుంది. మన వర్డ్‌ప్రెస్ అంటే ఒక పీహెచ్‌పీ ప్రోగ్రామ్. ఉబుంటు, డెబియన్ సర్వర్‌లలో పీహెచ్‌పీ మామూలుగా "డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా" అనే యూజర్ పేరు మీద నడుస్తుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో సాధారణంగా "అపాచీ" అనే పేరు. లైనక్స్‌లో జాంప్ పెట్టుకుంటే "డీమన్". ఈ యూజర్‌లు మనుషులు కాదు. వెబ్ సర్వర్ నడపడానికి సిస్టమ్ పెట్టుకున్న పేర్లు.

ఇప్పుడు మనం సర్వర్‌లోకి "ఉబుంటు" అనే యూజర్‌గా లాగిన్ అయి వర్డ్‌ప్రెస్ జిప్ దించి విప్పాం అనుకోండి. ఆ ఫైళ్ళన్నిటికీ ఓనర్ ఎవరు? "ఉబుంటు". ముందు సుడో తగిలించి విప్పితే "రూట్". పీహెచ్‌పీ ఏమో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటాగా వచ్చి ఆ ఫైళ్ళని చదువుతుంది, సైట్ చూపిస్తుంది, అంతా బాగానే ఉంటుంది. ఎందుకంటే చదవడానికి అందరికీ అనుమతి ఉంది. కానీ ప్లగిన్ పెట్టడం అంటే కొత్త ఫోల్డర్ తయారు చెయ్యాలి, కొత్త ఫైళ్ళు రాయాలి. అంటే మేకు కొట్టడమే. అద్దెకున్నవాడు ఓనర్‌ని అడగాలి కదా. అందుకే వర్డ్‌ప్రెస్ మనవైపు తిరిగి అడుగుతుంది: ఈ ఫైళ్ళ ఓనర్‌గా నేను లోపలికి రావడానికి నాకో దారి చూపించు అని. ఆ దారి పేరే ఎఫ్‌టీపీ.

కాబట్టి శీర్షికలో ఉన్న ప్రశ్నకి జవాబు ఇదే. ఆ పాస్‌వర్డ్ వర్డ్‌ప్రెస్ అడ్మిన్‌ది కాదు, డేటాబేస్‌ది కాదు, హోస్టింగ్ బిల్లు కట్టే అకౌంట్‌ది కూడా కాదు. ఫైళ్ళ ఓనర్‌గా సర్వర్‌లోకి వెళ్ళగలిగే ఎఫ్‌టీపీ యూజర్‌ది. చాలా క్లౌడ్ సర్వర్‌లలో అయితే అలాంటి పాస్‌వర్డ్ అనేదే లేదు. ఉబుంటు సర్వర్‌లో ఎఫ్‌టీపీ సర్వర్ ముందుగా పెట్టి రాదు. "ఉబుంటు" యూజర్‌కి చాలా క్లౌడ్‌లలో పాస్‌వర్డే ఉండదు, కీ ఫైల్‌తోనే లాగిన్. లేని తాళానికి మనం తాళంచెవులు వెతుకుతుంటాం అన్నమాట.

వర్డ్‌ప్రెస్ చేసే చిన్న పరీక్ష

ఓనర్ వేరని వర్డ్‌ప్రెస్‌కి ఎలా తెలుస్తుంది? ఊహించుకోదు, పరీక్ష పెట్టి చూస్తుంది. దాని కోడ్ ఎవరైనా తెరిచి చదవొచ్చు. డబ్ల్యూపీ-అడ్మిన్ లోపల ఇన్‌క్లూడ్స్ అనే ఫోల్డర్‌లో "ఫైల్ డాట్ పీహెచ్‌పీ" ఉంటుంది. అందులో "గెట్ ఫైల్‌సిస్టమ్ మెథడ్" అనే ఫంక్షన్ చేసే పని ఇది:

1. ముందు కాన్ఫిగ్ ఫైల్‌లో మనం ఏ పద్ధతి వాడాలో తేల్చి చెప్పామా అని చూస్తుంది. చెప్పి ఉంటే ఇక పరీక్ష లేదు, అదే వాడుతుంది.
2. చెప్పకపోతే డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌లో ఒక తాత్కాలిక ఫైల్ తయారు చెయ్యడానికి ప్రయత్నిస్తుంది.
3. తయారైతే, ఆ కొత్త ఫైల్ ఓనర్ ఎవరు, తన సొంత "ఫైల్ డాట్ పీహెచ్‌పీ" ఓనర్ ఎవరు అని రెండు పేర్లూ పోలుస్తుంది.
4. రెండూ ఒకటే అయితే "డైరెక్ట్" పద్ధతి. అంటే ఎవరినీ అడగకుండా నేరుగా రాసేస్తుంది.
5. ఫైల్ తయారు కాకపోయినా, తయారై ఓనర్‌లు వేరుగా ఉన్నా, ఎస్ఎస్‌హెచ్ ద్వారానో ఎఫ్‌టీపీ ద్వారానో వెళ్దాం అనుకుని ఫారం చూపిస్తుంది. తాత్కాలిక ఫైల్‌ని తుడిచేస్తుంది.

మూడో మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగండి. అక్కడ అడుగుతున్నది "నేను రాయగలనా" అని మాత్రమే కాదు, "నేను రాస్తే అది ఎవరి పేరు మీద పడుతుంది" అని.

ఇంత అనుమానం ఎందుకు? వర్డ్‌ప్రెస్ 2003లో మొదలైంది. డ్యాష్‌బోర్డ్ నుంచే ప్లగిన్ అప్‌డేట్ చేసే సౌకర్యం 2008 మార్చిలో 2.5తో వచ్చింది, నేరుగా ఇన్‌స్టాల్ చేసేది అదే ఏడాది డిసెంబర్‌లో 2.7తో. అప్పట్లో చాలామంది చవక షేర్డ్ హోస్టింగ్ మీదే ఉండేవాళ్ళు. ఒకే మెషిన్ మీద వందల సైట్‌లు, చాలాచోట్ల వాటన్నిటికీ పీహెచ్‌పీ ఒకే యూజర్ పేరు మీద నడిచేది. ఆ పేరు మీద మన సైట్‌లో ఒక ఫైల్ పడిందంటే, పక్క సైట్ వాడి పీహెచ్‌పీ కూడా దాన్ని మార్చగలదు, ఎందుకంటే వాడిదీ అదే పేరు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే తాళంచెవి అన్నట్టు. అందుకే ఓనర్‌లు కలవకపోతే నేరుగా రాయకుండా, అసలు ఓనర్‌గా ఎఫ్‌టీపీలో వెళ్ళి రాస్తుంది. అంటే ఇది మనల్ని విసిగించడానికి పెట్టిన ఫారం కాదు, మన సైట్‌ని కాపాడటానికి పెట్టింది.

777 పెట్టినా ఎందుకు పోదు

ఈసీఈ చదివే మా ఫ్రెండ్ ఒకడు వాళ్ళ పిన్నికి సైట్ చేసిపెట్టాడు. ఆవిడది గోదావరి వైపు, ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతారు. అప్పటిదాకా ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే. ఆవకాయ సీజన్ మొదలయ్యేలోపు సైట్‌లో డబ్బులు కట్టే సౌకర్యం పెట్టాలి. దానికో పేమెంట్ ప్లగిన్ కావాలి. సరిగ్గా అక్కడే ఈ ఫారం వచ్చి కూర్చుంది. పిన్ని రోజూ ఫోన్ చేసి "ఏరా, కాయలు వచ్చేశాయి, ఆ డబ్బులు కట్టే బటన్ ఎప్పుడొస్తుందిరా?" అని అడుగుతున్నారు. ఆవకాయ ఎవరికోసమూ ఆగదు కదా. మే దాటితే ఆ ఏడాదికి అంతే.

వాడు నా దగ్గరికి వచ్చేసరికి అప్పటికే 777 పెట్టేశాడు. "అన్నిటికీ పర్మిషన్ ఇచ్చేశాను, ఇంకా అడుగుతోందేంట్రా?" అన్నాడు.

777 అంటే ఏంటో గుర్తు చేసుకుందాం. మూడు అంకెలు ముగ్గురికి: ఓనర్, గ్రూప్, మిగతా అందరూ. చదవడం 4, రాయడం 2, నడపడం 1. మూడూ కలిపితే 7. కాబట్టి 777 అంటే ఆ మెషిన్ మీద ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు. 755 అంటే ఓనర్ అన్నీ చెయ్యొచ్చు, మిగతావాళ్ళు చూడొచ్చు, లోపలికి వెళ్ళొచ్చు, మార్చలేరు. 644 అంటే ఓనర్ రాయొచ్చు, మిగతావాళ్ళు చదవడమే.

ఇప్పుడు పైన చెప్పిన పరీక్షతో కలిపి చూడండి. 777 పెట్టాక తాత్కాలిక ఫైల్ తయారవుతుంది, సందేహం లేదు. కానీ తయారు చేసింది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, కాబట్టి ఓనర్ అదే. వర్డ్‌ప్రెస్ సొంత ఫైల్ ఓనర్ ఇంకా "ఉబుంటు"యే. పేర్లు కలవలేదు. ఫారం మళ్ళీ వచ్చింది. తలుపులన్నీ తీసిపెట్టినా ఇల్లు ఎవరి పేరు మీద ఉందో మారదు కదా! సమస్య అలాగే ఉంది, పైగా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

ఆ తలుపుల సంగతి చిన్నది కాదు. అదే సర్వర్ మీద మావాడివి ట్రయల్ సైట్‌లు రెండు ఉన్నాయి, ఎప్పుడో పెట్టి వదిలేసినవి, పాత ప్లగిన్‌లతో. వాటిల్లో ఒకదానికి కన్నం పడితే చాలు, అక్కణ్ణించి పచ్చళ్ళ సైట్‌లో ఏ ఫైలైనా మార్చేయొచ్చు. అందులో ఏముంది? కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రసులు. రేపు పేమెంట్ ప్లగిన్ పెడితే దాని రహస్య కీలు కూడా. డబ్బులు కట్టే బటన్ వెనక లింక్ మార్చేస్తే కస్టమర్ డబ్బు ఇంకెక్కడికో పోతుంది. పిన్నికి తెలిసేది ఎవరో ఫోన్ చేసి "డబ్బులు కట్టాం, పచ్చడి రాలేదు" అన్నప్పుడే.

ముందు రెండు పేర్లు చూడండి

ఏం మార్చేముందైనా రెండు పేర్లు కనుక్కోవాలి.

ఒకటి, ఫైళ్ళ ఓనర్. వర్డ్‌ప్రెస్ ఫోల్డర్‌లోకి వెళ్ళి "ఎల్-ఎస్" కొట్టి, ఖాళీ వదిలి "మైనస్ ఎల్" పెట్టండి. ప్రతి వరసలో మూడో గడిలో ఓనర్, నాలుగో గడిలో గ్రూప్ కనిపిస్తాయి.

రెండు, పీహెచ్‌పీ నడిపే యూజర్. "పీ-ఎస్" కొట్టి, ఖాళీ వదిలి "ఏ-యూ-ఎక్స్" పెట్టండి. వచ్చే జాబితాలో పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం లేదా అపాచీ ఉన్న వరసలు వెతకండి. మొదటి గడిలో యూజర్ పేరు ఉంటుంది. ఒక వరసలో రూట్ అని కనిపిస్తే కంగారు పడొద్దు, అది మేనేజర్ లాంటిది. పని చేసే మిగతా వరసల్లో ఉన్న పేరే మనకి కావాల్సింది.

పేర్లు వేరుగా ఉంటే జబ్బు దొరికినట్టే. మందు మూడు రకాలు.

మొదటిది, ఫైళ్ళ ఓనర్‌ని మార్చడం. కమాండ్ పేరు "సీ-హెచ్-ఓ-డబ్ల్యూ-ఎన్". దానికి పెద్ద అక్షరం "ఆర్" తగిలిస్తే లోపలి ఫోల్డర్‌లన్నిటికీ వర్తిస్తుంది. తర్వాత కొత్త ఓనర్ పేరు, కోలన్, గ్రూప్ పేరు, చివర మన సైట్ ఫోల్డర్ దారి. ఎంటర్ కొట్టేముందు ఆ దారిని రెండుసార్లు చదవండి. మొదటి స్లాష్ తర్వాత పొరపాటున ఖాళీ పడిందంటే సర్వర్ మొత్తానికి ఓనర్ మారిపోతాడు, ఇక ఆ మెషిన్‌ని బాగుచెయ్యడం కంటే కొత్తది పెట్టుకోవడం తేలిక. లాప్‌టాప్‌లో జాంప్ మీద నేర్చుకునేవాళ్ళకి, సర్వర్ మీద ఒకే ఒక్క సైట్ ఉన్నవాళ్ళకి ఈ మందు చాలు.

రెండోది, ఫైళ్ళని అలాగే ఉంచి పీహెచ్‌పీని ఫైళ్ళ ఓనర్ పేరు మీద నడపడం. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంలో ప్రతి సైట్‌కీ వేరే "పూల్" పెట్టుకోవచ్చు, ఆ పూల్ ఫైల్‌లో యూజర్, గ్రూప్ అని రెండు వరసలు ఉంటాయి. ఒక జాగ్రత్త: ఆ యూజర్ "ఉబుంటు" కాకూడదు. క్లౌడ్ సర్వర్‌లలో ఉబుంటు యూజర్‌కి చాలాచోట్ల పాస్‌వర్డ్ లేకుండానే సుడో చేసే హక్కు ఉంటుంది. ఒక ప్లగిన్‌లో కన్నం పడితే నేరుగా సర్వర్ మొత్తం పోయినట్టే. సుడో హక్కు లేని కొత్త యూజర్‌ని తయారు చేసి, ఫైళ్ళూ పూలూ రెండూ ఆ పేరు మీద పెట్టాలి.

మూడోది, వర్డ్‌ప్రెస్ పరీక్షని దాటించడం. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్‌లో "ఎఫ్ఎస్ మెథడ్" అనే స్థిరాంకానికి "డైరెక్ట్" అని విలువ ఇస్తే ఫారం ఇక రాదు. ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించే మందు ఇదే. కానీ ఇది జ్వరం తగ్గించే మాత్ర మాత్రమే. వర్డ్‌ప్రెస్ అడగడం మానేస్తుంది, రాసే హక్కు మాత్రం కొత్తగా రాదు. హక్కు లేకపోతే ఫారం బదులు "డైరెక్టరీ తయారు చెయ్యలేకపోయాం" అనే ఎర్రర్ వస్తుంది.

అయితే దీనికీ ఒక మంచి వాడకం ఉంది. డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌ని మాత్రమే పీహెచ్‌పీ యూజర్‌కి ఇచ్చి, మిగతా వర్డ్‌ప్రెస్ అంతా మన పేరు మీదే ఉంచి, అప్పుడు "డైరెక్ట్" పెడితే ప్లగిన్‌లు, థీమ్‌లు, ఫొటోలు హాయిగా ఎక్కుతాయి, కానీ వర్డ్‌ప్రెస్ మూల ఫైళ్ళని ఏ ప్లగిన్ కూడా మార్చలేదు. ధర ఏంటంటే, వర్డ్‌ప్రెస్ అప్‌డేట్‌లు డ్యాష్‌బోర్డ్ నుంచి జరగవు, మనమే సర్వర్‌లోకి వెళ్ళి చెయ్యాలి. చేస్తామా, మర్చిపోతామా అన్నది మీకు మీరే నిజాయితీగా తేల్చుకోండి. అప్‌డేట్ కాని వర్డ్‌ప్రెస్ ఇంకా ప్రమాదం.

పచ్చళ్ళ సైట్‌కి మేం రెండోది చేశాం. ట్రయల్ సైట్‌లు పక్కనే ఉన్నాయి కాబట్టి మొదటి మందు సరిపోదు. అవి కూడా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా పేరే కదా, వాటిల్లో పడ్డ కన్నం ఇక్కడికీ దారి ఇస్తుంది. "పచ్చళ్ళు" అనే అర్థం వచ్చేలా కొత్త యూజర్, ఆ పేరుతో కొత్త పూల్, ఎన్‌జిన్‌ఎక్స్‌కి ఆ పూల్ సాకెట్ దారి చూపించడం, ఫైళ్ళకి ఓనర్ మార్చడం. తర్వాత 777లన్నీ తీసేసి ఫోల్డర్‌లకి 755, ఫైళ్ళకి 644. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండే డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌కి మాత్రం 600, అంటే ఓనర్ తప్ప ఎవరూ చదవలేరు. ఇన్‌స్టాల్ నొక్కితే ఈసారి ఫారం రాలేదు, ప్లగిన్ వచ్చింది. ఏ పాస్‌వర్డూ కొట్టలేదు.

నిజంగానే ఎఫ్‌టీపీ ఉంటే

షేర్డ్ హోస్టింగ్ తీసుకున్నవాళ్ళకి సుడో ఉండదు, పైవన్నీ చెయ్యలేరు. ఈ రోజుల్లో మంచి షేర్డ్ హోస్టింగ్‌లలో పీహెచ్‌పీ ఎవరి సైట్‌కి వాళ్ళ పేరు మీదే నడుస్తుంది, కాబట్టి ఈ ఫారం మామూలుగా రాకూడదు. వచ్చిందంటే బ్యాకప్ నుంచి తిరిగి పెట్టినప్పుడో, సర్వర్ మార్చినప్పుడో ఓనర్ పేర్లు తప్పాయని అర్థం. సపోర్ట్ వాళ్ళకి "ప్లగిన్ ఎక్కట్లేదు" అని రాయకుండా "నా ఫైళ్ళ ఓనర్‌షిప్ సరిచెయ్యండి" అని రాస్తే పని త్వరగా అవుతుంది.

ఈలోపు ఎఫ్‌టీపీతోనే పని కానిద్దాం అనుకుంటే, వచ్చే ఎర్రర్‌ని బట్టి ఎక్కడ ఆగిందో చెప్పొచ్చు. ఎఫ్‌టీపీ సర్వర్ మూడంకెల జవాబులిస్తుంది, మనకి తెలిసిన 404 లాగే. మొదటి అంకె 2 అయితే పని అయింది, 3 అయితే ఇంకా ఏదో కావాలి, 4 అయితే తాత్కాలిక ఇబ్బంది, 5 అయితే కుదరదు. యూజర్‌నేమ్ ఇచ్చాక 331 వస్తే పాస్‌వర్డ్ కోసం చూస్తోందని. 230 వస్తే లోపలికి వెళ్ళాం. 530 వస్తే లాగిన్ కాలేదు.

"సర్వర్ 21కి కనెక్ట్ కాలేకపోయాం" అని వస్తే పాస్‌వర్డ్ దాకా వెళ్ళనే లేదు. 21 అనేది ఎఫ్‌టీపీ పోర్ట్. అక్కడ ఎఫ్‌టీపీ సర్వర్ లేకపోవచ్చు, ఫైర్‌వాల్ మూసి ఉండొచ్చు. డొమైన్‌కి క్లౌడ్‌ఫ్లేర్ ప్రాక్సీ పెట్టి ఉంటే అది మామూలుగా వెబ్ ట్రాఫిక్‌నే పంపిస్తుంది, ఎఫ్‌టీపీని కాదు. హోస్ట్‌నేమ్ గడిలో డొమైన్ బదులు సర్వర్ ఐపీ అడ్రస్ ఇవ్వండి. ఎఫ్‌టీపీ సర్వర్ అదే మెషిన్ మీద ఉంటే "లోకల్‌హోస్ట్" అని ఇచ్చినా చాలు.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తప్పని వస్తే ముందు యూజర్‌నేమ్ చూడండి. సీప్యానెల్‌లో అదనంగా తయారు చేసిన ఎఫ్‌టీపీ అకౌంట్‌లకి పేరు ఒక్కటే సరిపోదు, పేరు తర్వాత ఎట్ గుర్తు, డొమైన్ కూడా ఉండాలి. కాపీ చేసినప్పుడు చివర ఖాళీ అంటుకుందేమో చూడండి. పాస్‌వర్డ్ అనుమానంగా ఉంటే ప్యానెల్‌లో ఎఫ్‌టీపీ అకౌంట్స్ అనే చోట కొత్తది పెట్టుకోండి. సొంత సర్వర్‌లో వీఎస్ఎఫ్‌టీపీడీ పెట్టుకున్నవాళ్ళయితే, రూట్‌గా లాగిన్ అవ్వడానికి ప్రయత్నిస్తే మామూలుగా రానివ్వదు. షెల్ "నోలాగిన్" అని పెట్టిన యూజర్‌కి పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా 530 రావచ్చు.

లాగిన్ అయ్యాక "డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్ కనపడలేదు" అంటే పాస్‌వర్డ్ సరే, తలుపు వేరు. ఆ ఎఫ్‌టీపీ అకౌంట్ తెరుచుకునేది వేరే ఫోల్డర్‌లో. సైట్ ఉన్న ఫోల్డర్‌ని చూపించే అకౌంట్ వాడాలి.

లాగిన్ అయి అక్కడే ఆగిపోతే, అది ఎఫ్‌టీపీ పాత అలవాటు. మాటలకి ఒక కనెక్షన్, సరుకుకి ఇంకో కనెక్షన్ వాడుతుంది. 21 తెరిచి ఉండి, సరుకు వచ్చే పోర్ట్‌లు మూసి ఉంటే 425 వస్తుంది. ఫైర్‌వాల్‌లో పాసివ్ పోర్ట్‌లు కూడా తెరవాలి.

ఇంకో తికమక: ఎఫ్‌టీపీఎస్, ఎస్ఎఫ్‌టీపీ ఒకటి కాదు. మొదటిది ఎఫ్‌టీపీకే ఎన్‌క్రిప్షన్ తొడిగింది. రెండోది ఎస్ఎస్‌హెచ్ మీద నడిచే పూర్తిగా వేరే పద్ధతి, పోర్ట్ 22. ఫారంలో ఎస్ఎస్‌హెచ్2 అనే ఎంపిక కనపడాలంటే సర్వర్‌లో పీహెచ్‌పీకి ఆ ఎక్స్‌టెన్షన్ ఉండాలి.

తప్పు వర్డ్‌ప్రెస్‌దో కాదో తేల్చుకోవడానికి అవే వివరాలు ఫైల్‌జిల్లాలో ఇచ్చి చూడండి. ఒక్కటి గుర్తుంచుకోండి, ఫైల్‌జిల్లా వెళ్ళేది మన లాప్‌టాప్ నుంచి, వర్డ్‌ప్రెస్ వెళ్ళేది సర్వర్ నుంచి. హాస్టల్ వైఫై 21ని మూసి ఉంటే ఫైల్‌జిల్లా విఫలమవుతుంది, వర్డ్‌ప్రెస్‌కి ఆ ఇబ్బంది ఉండదు. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఒకసారి ప్రయత్నించాకే నిర్ణయానికి రండి.

యాభై ఏళ్ళు దాటిన పద్ధతి

మనం తిట్టుకునే ఈ ఎఫ్‌టీపీ వెనక ఒక భారతీయ ఇంజినీర్ ఉన్నాడని చాలామందికి తెలియదు. అభయ్ భూషణ్ ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్ విద్యార్థి, 1965లో పట్టా తీసుకున్నారు. తర్వాత ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 114 రాశారు, ఎఫ్‌టీపీకి మొదటి రూపం అదే. ఇప్పుడు వాడుతున్న రూపం 1985 అక్టోబర్ నాటి ఆర్‌ఎఫ్‌సీ 959. అప్పటి నెట్‌వర్క్ కొద్దిపాటి విశ్వవిద్యాలయాల, పరిశోధన సంస్థల మధ్య నడిచేది. పాస్‌వర్డ్‌ని ఎవరైనా దారిలో చదువుతారన్న భయం ఇప్పుడున్నంత లేదు. అందుకే మామూలు ఎఫ్‌టీపీలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ ఉన్నవి ఉన్నట్టే వెళ్తాయి. ల్యాబ్‌లో మీ సొంత టెస్ట్ సర్వర్ మీద వైర్‌షార్క్ పెట్టి చూడండి, పాస్‌వర్డ్ పోస్ట్‌కార్డ్ మీద రాసినట్టు కనిపిస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 2021లో ఎఫ్‌టీపీని తీసేశాయి. కాబట్టి ఈ ఫారం కోసమని ఇప్పుడు కొత్తగా ఎఫ్‌టీపీ సర్వర్ పెట్టకండి. ఓనర్ పేర్లు కలిపితే పోయేదానికి కొత్త తలుపు కొట్టించుకోవడం ఎందుకు?

తొందరగా ఒక్క ప్లగిన్ కావాలంతే అనుకుంటే ఇంకో దారి ఉంది. జిప్ దించుకుని, ఎస్ఎఫ్‌టీపీతో ప్లగిన్స్ ఫోల్డర్‌లోకి పంపి, అక్కడ విప్పి, డ్యాష్‌బోర్డ్‌లో యాక్టివేట్ చెయ్యండి. కమాండ్ లైన్ అలవాటున్నవాళ్ళు డబ్ల్యూపీ-సీఎల్ఐ వాడొచ్చు, కానీ ఫైళ్ళ ఓనర్‌గానే నడపండి. రూట్‌గా నడపబోతే అది ముందే వద్దంటుంది, కారణం ఉంది. రూట్ పేరు మీద పడ్డ ప్లగిన్ ఫోల్డర్ వచ్చే నెల అప్‌డేట్ దగ్గర మళ్ళీ మొండికేస్తుంది.

మనలో చాలామంది ఇప్పుడు బంధువుల షాపులకి, ఊళ్ళో ట్యూషన్ సెంటర్‌లకి సైట్‌లు చేసిపెడుతున్నాం. మనం ప్లేస్‌మెంట్ వచ్చి వెళ్ళిపోతాం, సైట్ అక్కడే ఉంటుంది. అప్పగించేటప్పుడు ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసివ్వండి: ఫైళ్ళ ఓనర్ పేరు, పీహెచ్‌పీ నడిచే పేరు, లోపలికి వెళ్ళే దారి, అప్‌డేట్ ఎవరు చెయ్యాలి. తర్వాత వచ్చేవాడికి ఈ ఫారం కనిపించినా 777 దాకా వెళ్ళాల్సిన పని ఉండదు.

ఇవన్నీ చూసినా ఎక్కడైనా ఆగిపోతే క్లబ్ గ్రూప్‌లో ఎర్రర్ స్క్రీన్‌షాట్ పెట్టండి, కలిసి చూద్దాం. పెట్టేముందు అందులో పాస్‌వర్డ్ కనిపించట్లేదని మాత్రం ఒకసారి చూసుకోండి.